ఆ మూల ఎవరి కోసం?



ఈ వారం మేము ఒక మూల గురించి రాస్తున్నాం. కొత్త ఇండ్లలో హాలుకూ డైనింగ్ టేబుల్‌కూ నడుమ నాలుగైదు అడుగుల జాగా మిగులుతుంది కదా, ఆ మూల గురించి. వెనకట అక్కడ కుట్టుమిషన్ ఉండేది, లేదంటే బియ్యం బస్తాలు ఉండేవి. ఇప్పుడు ఇంటీరియర్ చేసేవాళ్లు కంప్యూటర్‌లో బొమ్మ గీసి చూపిస్తే, ఆ జాగాలో ఒక గ్రానైట్ కౌంటర్ ఉంటుంది. దాని ముందు రెండు ఎత్తు స్టూళ్లు, వెనక అద్దం, అద్దం మీద పసుపు లైటు, పైన గ్లాసులను తలకిందులుగా వేలాడదీసే చట్రం. దాని పేరు బార్ యూనిట్. వంటింటి అల్మారాలు, టీవీ యూనిట్, పూజ గది ఎట్లా రేటు పట్టికలో ఉంటాయో, ఇది కూడా అట్లాగే ఉంటుంది. మనం అడగకపోయినా వాళ్లే అడుగుతారు: "సార్, బార్ యూనిట్ పెట్టమంటారా?"

మన ప్రజ్ఞాపూర్ రాజీవ్ రహదారి మీద ఉంది. హైదరాబాదు నుండి కరీంనగర్, రామగుండం పోయే బండ్లు మన క్రాస్‌రోడ్ దాటుకునే పోతాయి. 2020 మే నెలలో కొండపోచమ్మ సాగర్‌కు నీళ్లు వచ్చాయి. 2023 అక్టోబరులో రైలు గజ్వేల్ దాటి సిద్దిపేట చేరింది. భూముల ధరలు పెరిగాయి. కొందరు భూమి అమ్మి ఇల్లు కట్టారు. మల్లన్నసాగర్ కింద ఊళ్లు మునిగినవాళ్లు భూమి పోయి, గజ్వేల్ పక్క కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఎట్లా కట్టినా తల మీద గట్టి కప్పు ఉండడం దేవుని దయే. ఇల్లు బాగుంటే చుట్టాలు వస్తారు. చుట్టాలు వస్తే మర్యాద చెయ్యాలి. అక్కడే ఈ మూల సంగతి మొదలవుతుంది.

మన సంఘంలో ఒక కుటుంబం ఈ మధ్యనే మమ్మల్ని పిలిచింది. వాళ్ల పేర్లు చెప్పము. వాళ్ల అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాము. వడ్రంగి ఇంకా బోర్డు కోయలేదు. ఇంటాయన ఫోనులో బొమ్మ చూపించి మమ్మల్ని అడిగాడు.

"అయ్యగారూ, నేను తాగనని మీకు తెల్సు. గానీ పట్నం నుంచి ఆఫీసోళ్లు వస్తరు, బామ్మర్దులు వస్తరు. దావత్ అంటే ఇయ్యాల రేపు అందరూ చూసేది గదే. ఈ మూలకు బార్ పెట్టిస్తే మీరు ఇంటి ప్రార్థనకు వస్తరా, రారా?"

ఆయన భార్య వంటింటి గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆమె ఒక్క మాటే అన్నది: "మా మరిది గూడ ఆ రోజు వస్తడు అయ్యగారూ."

ఆ మరిది తాగుడు మాని పదకొండు నెలలు అయింది. ఆ పదకొండు నెలలు ఆ ఇంట్లో ఎట్లా గడిచాయో ప్రార్థనకు వచ్చే మీలో చాలామందికి తెలుసు.

మేము వస్తామని చెప్పాం. పాపులతోను సుంకరులతోను కూర్చుని భోజనం చేసిన ప్రభువును నమ్మినవాళ్లం, ఒక కౌంటర్ ఉన్నదని గడప దాటకుండా ఉండలేము. కానీ ఇంటికి వచ్చి మాకు తోచింది ఏమిటంటే, ఆ రోజు పాస్టరు వస్తాడా రాడా అన్నది చిన్న సంగతి. ఆ తమ్ముడు వచ్చి ఎక్కడ కూర్చుంటాడు? అసలు సంగతి అది.

తాగుడు మన ప్రాంతానికి కొత్త కాదు. కల్లు మన ఊళ్లలో పెండ్లికీ ఉంది, చావుకూ ఉంది. తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి బతికే గౌడన్నల కష్టాన్ని మేము తక్కువ చేసి మాట్లాడము. అయితే ఒకటి గమనించండి. మన తాతలు కల్లు తాగింది వనంలో, కల్లు కాంపౌండులో, చెట్టు కింద. ఇంటికి తెచ్చుకున్నా కుండ ఓ పక్కన ఉండేది, పూట అయ్యాక కడిగి బోర్లించేవాళ్లు. దానికంటూ ఇంట్లో ఒక శాశ్వతమైన జాగా, దాని మీద ఒక దీపం ఉండేది కాదు. ఇప్పుడు కొత్తగా వచ్చింది ఆ జాగా, ఆ దీపం.

మనం ఇంట్లో దేనికి జాగా ఇస్తామో పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటారు. బైబిలు ఏ అల్మారాలో ఉంది, చెప్పులు ఎక్కడ విడవాలి, ముసలమ్మ మంచం ఎక్కడ వేశారు, ఇవన్నీ ఎవరూ పాఠం చెప్పకుండానే పిల్లలు నేర్చుకునేవి. రోజూ సాయంత్రం లైటు వెలిగే మూలను కూడా అట్లాగే నేర్చుకుంటారు. తండ్రి తాగకపోయినా సరే, మంచి ఇల్లు అంటే ఆ మూల ఉన్న ఇల్లు అని వాళ్లకు పడిపోతుంది. పెద్దమనుషులు వస్తే పెట్టాల్సింది అదే అని పడిపోతుంది.

ఇక్కడ కొందరు సహోదరులు కానా పెండ్లి సంగతి తెస్తారు. తేవాలి కూడా, అది వాక్యంలో ఉన్నదే. యేసు ప్రభువు ఆరు రాతి బానల్లో నీళ్లు నింపించి, వాటిని ద్రాక్షారసంగా మార్చాడు. మన తెలుగు బైబిలులో పులిసినదానికీ ద్రాక్షారసమే, మనం ప్రభువు బల్ల దగ్గర పుచ్చుకునే పులియనిదాన్నీ మనం ద్రాక్షారసమనే అంటాం. అందువల్ల కొందరు ఈ కథను ఒక వైపుకు లాగుతారు, కొందరు మరో వైపుకు లాగుతారు. మేము ఆ పోరులోకి పోము. ఆ పెండ్లి ఇంట్లో ప్రభువు ఏం చేశాడో మాత్రం చూద్దాం. పెండ్లివారి పరువు పోయే గడియ అది. ఆయన ఆ పరువు కాపాడాడు. విందు ప్రధానికి కూడా అది ఎక్కడినుండి వచ్చిందో తెలియలేదు, నీళ్లు తోడిన పనివాళ్లకు తెలుసు. ఆ ఇంట్లో ఆ రోజు ఎవరూ తలదించుకోకుండా ఆయన చేశాడు. ఆతిథ్యం అంటే అది. మన ఇంట్లో మనం పెట్టించే మూల వల్ల ఒక మనిషి తలదించుకుని బయటికి పోయి అరుగు మీద కూర్చోవలసి వస్తే, దాన్ని కానా పెండ్లితో పోల్చలేము.

లెక్క కూడా ఒకసారి చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 15 ఏండ్లు దాటిన పురుషులలో మద్యం తాగేవారు సుమారు 43 శాతం. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ఇది ఎక్కువ, మనం బాధపడాల్సిన అంకె. కానీ అదే అంకెను తిప్పి చూడండి. మన ఇంటికి వచ్చే 100 మంది మగవాళ్లలో 57 మందికి ఆ కౌంటర్ దగ్గర పని లేదు. ఆడవాళ్లలో తాగేవారు సుమారు 7 శాతమే, అంటే 93 మందికి అక్కడ పని లేదు. ఇక పిల్లలు సరే సరి. మన రాష్ట్రంలో 21 ఏండ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదని చట్టమే ఉంది. హాలులో అందరికంటే మంచి జాగా తీసుకుని, అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టి, వచ్చినవాళ్లలో కొద్దిమంది మాత్రమే కూర్చునే మూలను కడుతున్నాం. దాన్ని చుట్టాల కోసం అని అనుకుంటున్నాం.

ఆ ఇంటాయన మరో మాట కూడా అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది. "రోడ్డు మీద తాగి బండి నడుపుడు కంటె ఇంట్ల కూసుని తాగుడు మంచిది గదా అయ్యగారూ?" అన్నాడు. రాజీవ్ రహదారి పక్కన ఉండే మనకు ఆ భయం బాగా తెలుసు. అయితే ఇల్లు మనది, చుట్టం మాత్రం మన ఇంట్లో ఉండిపోడు. రాత్రి పది గంటలకు లేచి 50, 60 కిలోమీటర్లు పట్నం వైపు బండి తోలుకుంటూ పోతాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే బండి నడపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. మన స్టూలు మీద కూర్చోబెట్టి, మన చేత్తో పోసి, మన గేటు దాకా సాగనంపిన మనిషి ఆ రాత్రి ఏమైనా అయితే, మనకు దానితో సంబంధం లేదని ఎట్లా అంటాం? ఇంట్లో సీసాలు ఎన్ని ఉంచుకోవచ్చన్న దానికి కూడా ఎక్సైజ్ చట్టంలో పరిమితి ఉంది. బయటి రాష్ట్రాల సీసాలను అధికారులు పట్టుకుంటున్నారు. అలంకారంగా పేర్చిన అల్మారా ఒకనాడు కేసు కాగితంగా మారవచ్చు.

ఇంకో సంగతి మన అమ్మలు, అక్కలు చదవాలని రాస్తున్నాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు లేచి తమ ఊరి సారా దుకాణం మూయించారు. రోసమ్మ పేరు అప్పట్లో అందరి నోటా వినబడేది. ఆ నిప్పు ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1న ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. చట్టం అట్లా వచ్చి ఇట్లా పోయింది. ఈనాడు మన రాష్ట్రంలో లైసెన్సు దుకాణాలే 2,620 ఉన్నాయి, ఊళ్లలోని బెల్టు షాపులు వాటికి అదనం. ఆ ఆడవాళ్లు కొట్లాడింది సీసా తమ వాడ దాటిపోవాలని. దాన్ని ఇప్పుడు మనం వడ్రంగిని పిలిచి, అద్దం పెట్టించి, హాలులోకి తెచ్చుకోవాలా? ఆ ఇంటి కోడలు గుమ్మం దగ్గర నిలబడి చెప్పిన ఒక్క మాటలో దూబగుంట మొత్తం మాకు వినబడింది.

యిర్మీయా గ్రంథం 35వ అధ్యాయం తీసి మీ ఇంట్లో అందరూ కలిసి చదవండి. రాజు యెహోయాకీము కాలంలో దేవుడు ప్రవక్తను పిలిచి, రేకాబీయులను మందిరంలోని ఒక గదికి తీసుకురమ్మన్నాడు. ప్రవక్త వాళ్ల ముందు ద్రాక్షారసంతో నిండిన పాత్రలు, గిన్నెలు పెట్టి తాగమన్నాడు. పిలిచింది ప్రవక్త, కూర్చున్నది దేవుని మందిరం. అంతకంటే గౌరవమైన విందు బల్ల ఏముంటుంది? అయినా వాళ్లు, మా పితరుడు యోనాదాబు మాకు ఆజ్ఞ ఇచ్చాడు, మేము తాగము అన్నారు. దేవుడు వాళ్ల విధేయతను మెచ్చుకుని యూదావారికి మాదిరిగా చూపించాడు. ఆ అధ్యాయంలో అసలు పాఠం విధేయత గురించే, దాన్ని మేము మార్చి చెప్పము. కానీ అందులో మనకు ఇంకొకటి కూడా దొరుకుతుంది. వద్దు అన్న అతిథికి ఆ గదిలో గౌరవం దక్కింది. మన ఇంట్లో వద్దు అన్నవాడికి ఏం దక్కుతుంది? "ఒక్క పెగ్గుకు ఏం గాదు తియ్", "మొగోనివేనా?" అనే మాటలే కదా. పదకొండు నెలలుగా పోరాడుతున్న మనిషికి ఆ మాట కత్తిపోటు వంటిది.

మన ప్రభువు బల్ల దగ్గర పులియని రసం ఎందుకు ఇస్తామో చాలామంది అడుగుతుంటారు. 1869లో అమెరికాలో థామస్ బ్రామ్‌వెల్ వెల్చ్ అనే మెథడిస్టు సంఘ సభ్యుడు ఉండేవాడు, వృత్తికి దంతవైద్యుడు. సీసాలో పోసిన ద్రాక్షరసాన్ని వేడి చేస్తే పులియకుండా నిలుస్తుందని ఆయన చేసి చూపించాడు. సంఘపు బల్ల కోసమే ఆయన ఆ పని చేశాడు. తరువాత ఆ పద్ధతి లోకమంతా పాకింది. మన పల్లె సంఘాల్లో ఎండు ద్రాక్ష ఉడకబెట్టి, పిండి, వడగట్టి చేసుకునే రసం కూడా అదే ఆలోచనతో చేసుకునేదే. ఆ గిన్నె పట్టుకోవడానికి తాగుడు మానిన తమ్ముడు భయపడనక్కర లేదు, బాప్తిస్మం తీసుకున్న చిన్నపిల్ల భయపడనక్కర లేదు. బల్లను అందరికంటే బలహీనుడి కొలతతో వేశారు. పౌలు కూడా రోమా సంఘానికి రాస్తూ, నీ సహోదరుడు తొట్రుపడేటట్లయితే దాన్ని మానుకోవడమే మేలని చెప్పాడు. అదే పౌలు తిమోతికి సంఘ అధ్యక్షుని లక్షణాలు రాసేటప్పుడు, అతిథులను ప్రేమించాలన్నదీ మద్యానికి లొంగకూడదన్నదీ ఒకే జాబితాలో చేర్చాడు. ఈ రెండూ కలిసి నడుస్తాయని ఆయనకు తెలుసు.

కాబట్టి ఆ కుటుంబానికి మేము మూల తీసెయ్యమని చెప్పలేదు. మూల ఉంచుకోండి, దాన్ని అందరి కోసం కట్టండి అన్నాం. ఎట్లా అంటే చెప్తాము, ఇల్లు కట్టుకుంటున్న మీకందరికీ పనికొస్తుంది.

మొదటిది ఎత్తు. బార్ కౌంటర్ ఎత్తు 42 అంగుళాల వరకు పెడతారు, స్టూలు 30 అంగుళాలు ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఆ స్టూలు ఎక్కగలదా? చిన్నపిల్ల పడిపోకుండా కూర్చోగలదా? దాన్ని 30 అంగుళాలకు దించండి, మామూలు కుర్చీలు వేయండి, వీపు ఆనించుకునే కుర్చీలు. పన్నెండు అంగుళాలు దించితే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరుతుంది.

రెండవది నీళ్లు. మన ఇండ్లలో చుట్టం గడప తొక్కగానే ముందు ఇచ్చేది నీళ్లే. ఆ మూలకు ఒక చిన్న సింకు, ఒక నల్లా, ఒక ఫిల్టరు పెట్టించండి. ఎండకాలం ఒక రంజన్ పెట్టండి. నీళ్లు తగిలే చోట మామూలు ప్లైవుడ్ ఉబ్బిపోతుంది, నీటికి ఆగే రకం బోర్డు అడగండి. పైన కరీంనగర్ గ్రానైట్ వేయించండి, ఆ రాయి మన రోడ్డు మీదనే పోతుంది. గ్లాసులు కడిగే జాగా అక్కడే ఉంటే, దావత్ అయ్యాక ఇంటి ఆడపడుచు ఒక్కతే వంటింట్లో అర్ధరాత్రి దాకా నిలబడనక్కర లేదు. పోసినవాడే కడగవచ్చు.

మూడవది పోసే పానీయాలు. మజ్జిగలో అల్లం, కరివేపాకు, ఉప్పు దంచి వేసి చల్లగా ఇవ్వండి. తైద పిండితో అంబలి కాచి రాత్రంతా ఉంచి, పొద్దున మజ్జిగ కలిపి ఉల్లిగడ్డ తరిగి ఇస్తే, పట్నం ఆఫీసోళ్లు రెండో గ్లాసు అడుగుతారు. సుగంధి షర్బత్‌లో నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేయండి. తెల్లవారకముందు దించిన నీరా దొరికితే అప్పటికప్పుడు పోయండి. చల్లగా ఉంచకపోతే ఎండ పొద్దుకే పులిసిపోతుంది, దాచిపెట్టకండి. వానాకాలం, చలికాలం చాయ్ ఉండనే ఉంది. పక్కన సర్వపిండి, మక్క గారెలు పెట్టండి. చేతిలో గ్లాసు, నోటికి కారం ఉంటే మన మనుషులకు మాటలు వాటంతట అవే వస్తాయి.

నాలుగవది లైటు. ఆ పసుపు లైటు ఉంచుకోండి, బాగానే ఉంటుంది. దాని కింద సీసాల బదులు మనుషుల ముఖాలు కనబడేటట్లు పెట్టించండి.

"ఇట్ల పెడితే ఆఫీసోళ్లు నవ్వరా అయ్యగారూ?" అని ఆయన అడిగాడు. నవ్వవచ్చు. ఒకరిద్దరు మళ్లీ రాకపోవచ్చు కూడా, ఆ నష్టం లేదని మేము చెప్పము. సీసా కోసం వచ్చేవాడు సీసా ఉన్న ఇంటికి పోతాడు. మీ కోసం వచ్చేవాడు మజ్జిగ తాగి కూడా రాత్రి దాకా కూర్చుంటాడు. ఎవరు దేని కోసం వస్తున్నారో తెలుసుకోవడం కూడా కొత్త ఇంటికి ఒక లాభమే.

ఆ కుటుంబం ఇంకా ఏమీ తేల్చలేదు. ఆలోచించుకుని చెప్తామన్నారు. వాళ్ల ఇల్లు, వాళ్ల నిర్ణయం. ఏది నిర్ణయించినా ఇంటి ప్రార్థనకు మేము పోతాము, ఆ తమ్ముని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాము. మీలో కూడా ఇద్దరు ముగ్గురు ఆయనకు అటూ ఇటూ కూర్చోండి. తాగుడు మానిన మనిషికి దావత్ రోజు అన్నిటికంటే కష్టమైన రోజు, ఆ రోజు ఆయనను ఒంటరిగా వదలకండి. ఇంట్లో ఎవరికైనా మానడం కష్టంగా ఉంటే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికి కూడా తీసుకుపోండి. ఎక్కువగా తాగే మనిషి ఉన్నపళంగా మానితే వణుకు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. మందు అవసరమైన చోట మందు వాడడం విశ్వాసం తక్కువై కాదు.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, నీవిచ్చిన ఇండ్ల కోసం నీకు స్తోత్రం. మా గడప దాటి వచ్చే ప్రతి మనిషికీ కూర్చోవడానికి జాగా, తాగడానికి చల్లని నీళ్లు ఇచ్చే మనసు మాకు దయచేయి. మానాలని పోరాడుతున్న మా సహోదరులకు ఈ రోజుకు చాలినంత బలం ఈ రోజు ఇవ్వు. గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాట మాత్రమే చెప్పగలిగే మా అక్కచెల్లెళ్ల మాటను మా చెవుల్లో పడనివ్వు. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.